‘తెల్వది’ అని రాసిన సీసా

సారు పోయారని పెద్దమ్మ ఫోన్ చేసినప్పుడు నేను బాపు బట్టలు వేడినీళ్ళలో నానబెడుతున్నాను. ఆ రోజుల్లో బయటికి వెళ్ళి వచ్చిన మనిషి బట్టలకు అదే పని. చేతులకు సబ్బు నురగ ఉంటే మోచేత్తో స్పీకర్ నొక్కాను.

“సారు పోయిండు బిడ్డా, పొద్దుగాల” అంది పెద్దమ్మ. సారు భార్యను నేను అలాగే పిలుస్తాను.

నల్లా కారుతున్న చప్పుడు ఆమెకూ వినిపించే ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకు ఏడుపు రాలేదు. సూరత్‌లో రెండో వేవ్ ముదిరిన రోజులవి. ఆ వారంలోనే కోసాడ్‌లో మా బిల్డింగులో రెండిళ్ళలో మనుషులు పోయారు. ఏడవడానికి కూడా ఒంట్లో కాస్త సత్తువ కావాలి, నాకది ఎప్పుడో అయిపోయింది. “నువ్వు రాకు. ఎవ్వర్నీ రానిస్తలేరు. ఆల్థాన్‌ల మా గల్లీకి అడ్డం కట్టెలు కట్టిన్రు” అని, పెట్టేసే ముందు ఇంకో మాట చెప్పింది.

“దవఖానకు పోయేటప్పుడు సీసాలు సూస్కొమ్మన్నడు. నీకు ఎరుకేనట గదా.”

నాకు ఎరుకే. ఆ మాట అప్పటినుంచి నన్ను వదల్లేదు. రాస్తే కాస్త వదులుతుందేమోనని ఇది రాస్తున్నాను.

సారు మా కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవారు. ఆయన దగ్గర చదువుకున్న నేను ఇప్పుడు అదే ల్యాబులో పాఠాలు చెప్తున్నాను. ఆయనా నాలాగే మగ్గాల మనిషి సంతానం. జగిత్యాల పక్క పల్లె నుంచి తండ్రి పవర్‌లూమ్ పనికి సూరత్ వస్తే, పలకా బలపంతో వెంట వచ్చారు. “సముద్రం లేని జాగల పుట్టిన. అందుకే దాన్ని ఎంత సూసినా నాకు కడుపు నిండదు” అనేవారు. అంత పెద్ద సముద్రంలో ఆయన ఏరుకున్నది మాత్రం వేలెడు కూడా లేని ప్రాణులను. హైడ్రాయిడ్లంటారు వాటిని. రాళ్ళ మీద, గవ్వల మీద, పడవల అడుగున, నీళ్ళలో నానే కర్రల మీద గుంపులుగా పెరుగుతాయి. మీరూ చూసే ఉంటారు, పాచి అనుకుని ఉంటారు.

నేనూ అలాగే అనుకున్నాను. డిగ్రీ మొదటి ఏడాదిలో ఒకరోజు మైక్రోస్కోపు కింద ఆ స్లైడు చూసి, చుట్టూ గుజరాతీ పిల్లలే కదా అన్న ధైర్యంతో తెలుగులో గొణుక్కున్నాను. “గడ్డిపోస లెక్కుంది. దీనికి జువాలజీ ఏంది?”

“గడ్డి గాదు. కడుపున్నది దానికి. జర సక్కగ సూడు” అని వెనక నుంచి తెలుగులోనే వినిపించింది. నా ప్రాణం పోయినంత పనైంది. ఆయన కోప్పడలేదు. స్టూలు లాక్కుని పక్కన కూర్చుని, పెన్సిల్ కొనతో నా రికార్డు పుస్తకంలో బొమ్మ గీస్తూ చెప్పారు.

“ఇగో, కింద రాయిని పట్టుకోని పాకేటి తీగ ఉన్నది గదా, అసలు ఇదే. దీన్నుంచి కాడలు లేస్తయ్. కాడ కొసకు మూతి, మూతి సుట్టు చేతులు. ఆ చేతులకు కుట్టే గుణం ఉంటది. గిది తినేటిది. మల్ల గీడ సూడు. దీనికి మూతి లేదు, చేతుల్లేవ్. పిల్లల్ని మోసుడే దీని పని. మరి ఇది ఏం తిని బతుకుతది?”

నేను బొమ్మ మీదికి వంగాను.

“లోపట అందరికి ఒకటే గొట్టం. ఒకడు తిన్నది అందరికి పోతది. మీ బాపు ఉన్న మెస్సు లెక్క.”

పెళ్ళికి ముందు బాపు ఏ మెస్సులో తిన్నాడో నేను ఆయనకు ఎప్పుడూ చెప్పలేదు. చెప్పనక్కర్లేదు, ఆయన తండ్రి కూడా అలాంటి గదిలోనే, ఒకే గిన్నెలో వండుకున్న అన్నం తిని బతికాడు.

ఆ తర్వాత ఎన్నేళ్ళు ఆయన వెనక తిరిగినా మొదటి ప్రశ్న ఒకటే. “గిన్నె ఉన్నదా, లేదా?” ఈ ప్రాణుల్లో కొన్నిటికి ఆ తినే మూతి చుట్టూ గాజులా పలచటి గిన్నె ఉంటుంది, ముట్టుకుంటే చటుక్కున అందులోకి ముడుచుకుంటాయి. కొన్నిటికి అదీ ఉండదు, ఒళ్ళు దగ్గరికి తీసుకుని ఊరుకుంటాయి. మొత్తం వర్గాన్ని ముందు అలా రెండుగా విడదీస్తారు. తర్వాత గిన్నెకు మూత ఉందా, అంచు నున్నగా ఉందా పళ్ళు పళ్ళుగా ఉందా, కాడ మీద నిలబడిందా నేరుగా కొమ్మకు అతుక్కుందా అని చూసుకుంటూ పోవాలి. అన్నిటికన్నా చివర పిల్లల్ని మోసే గిన్నె. దాని ఆకారం ఏమిటి, పిల్లల్ని తనలోనే ఉంచుకుంటుందా, లేక చిన్న గొడుగుల్లాంటి జెల్లీచేపలుగా నీళ్ళలోకి వదిలేస్తుందా. అది చూడందే పేరు పెట్టడానికి సారు ఒప్పుకునేవారు కాదు.

“పెద్ద పెద్దోల్లే తొందరపడి తల్లికొక పేరు, పిల్లకొక పేరు పెట్టిన్రు. ఇది వేరే జీవి, అది వేరే జీవి అని రాసిన్రు. మనమెంత?” అనేవారు.

ఆయనతో మొదటిసారి దుమ్మస్ ఒడ్డుకు వెళ్ళిన రోజు నేను చేసిన తప్పు ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది. పొద్దున్నే సముద్రం వెనక్కి తగ్గే వేళ చూసుకుని స్కూటరు మీద తీసుకెళ్ళారు. అక్కడ నది సముద్రంలో కలిసే చోట జాలర్లు వలలు కట్టడానికి బురదలో వెదురు గడలు పాతుతారు. మోకాలి లోతు బురదలో నడిచి, ఒక గడ మీద గోధుమరంగు పొద కనబడితే బ్లేడుతో నున్నగా కోసుకొచ్చాను. శుభ్రంగా కోశానని గర్వం కూడా. సారు దాన్ని మెడలో నల్లతాడుకు వేలాడే భూతద్దంతో చూశారు.

“కాడలు తెచ్చినవ్. పాకేటి తీగ ఏది?”

“అంత బురద పట్టింది సార్. అందుకే ఇడిసిపెట్టిన.”

“అసలుదాన్ని ఆడ ఇడిసిపెట్టి జుట్టు కత్తిరించుకోని వచ్చినవ్. పో, గడ చెక్క తోటి సహ పట్టుకరా.”

మళ్ళీ ఆ బురదలో పడి వెళ్ళాను. నీళ్ళు పెరుగుతున్నాయి. తిరిగొచ్చేసరికి నా చెప్పు ఒకటి లేదు. ఆయన ఫ్లాస్కు మూతలో చాయ్ పోసి ఇచ్చి, తన చెప్పులు నా ముందు పెట్టి, ఒట్టి కాళ్ళతో స్కూటరు నడిపారు. దారిలో లోచో అనే సూరత్ టిఫిను తినిపించారు. నా తప్పు మాట మళ్ళీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఆ జాలర్లలో ఒక ముసలాయన సారుకు బాగా ఎరుక. జాలర్లు సారును ‘ఘాస్‌వాళా సాహెబ్’ అనేవారు, గడ్డి దొరగారని. ఏటా వానలకు ముందు ఆ ముసలాయన గడలు పీకి ఒడ్డున పడేసి, కొడవలితో గీకుతుంటే సారు పక్కన గొంతుక్కూర్చుని ఆ గీకిన చెత్తనంతా గుడ్డలో పట్టుకునేవారు. చూసినవాళ్ళకు నవ్వొచ్చేది. మా బాపు కూడా నవ్వేవాడు. “మంచి మనిషే గని, గంత సదువు సదివి పాచి ఏరుకునుడేంది?”

తెచ్చినదాన్ని స్పిరిట్ సీసాలో వేసేవాళ్ళం. ల్యాబులో వెనక గోడ నిండా ఆయన సీసాలే. ప్రతి సీసాలోనూ మందపాటి కాగితం ముక్క మీద పెన్సిల్‌తో రాసిన చీటీ ఉంటుంది. ఇంకుతో రాస్తే స్పిరిట్‌లో కరిగిపోతుంది. ఎక్కడ దొరికింది, దేనికి అతుక్కుని ఉంది, నీళ్ళు ఎంత లోతు అన్నీ రాసి, చివర పేరు. పేరు తెలియకపోతే ఖాళీగా వదలనిచ్చేవారు కాదు. “ఖాళీ ఇడిస్తే ఎన్కవచ్చినోడు ఏదో ఒకటి రాసిపెడతడు. తెల్వది అని రాయి. తెల్వనిది తెల్వదని రాసుడు కూడ పనే.”

నేను చెప్పు పోగొట్టుకుని తెచ్చిన పొద సీసాకు అదే రాశారు, తెలుగులో. దానికి గిన్నె ఉంది, అంచు నున్నగా ఉంది, పిల్లల్ని మోసే గిన్నె మాత్రం ఒక్కటీ లేదు. అది లేకపోతే మూడు నాలుగు జాతుల్లో ఏదైనా కావచ్చు. దాని కోసం ఆయన పదేళ్ళు అవే గడల చుట్టూ తిరిగారు. చలికాలం, ఎండాకాలం, వానలు వెలిసిన వెంటనే, ఏ కాలమూ వదల్లేదు. గడ మీద పొద ఉండేది, దాని మీద పిల్లల గిన్నె ఉండేది కాదు. రిటైరయ్యే రోజున సన్మానం అయ్యాక శాలువా మడిచి నా చేతికిచ్చి ఆ సీసా దగ్గరికే వెళ్ళారు. “గీ ఒక్కటి తెలిస్తె సాలు బిడ్డా. సూసి పోత” అన్నారు. ఆ మాటకు అప్పుడు నేను పెద్దగా చెవొగ్గలేదు.

మరుసటి ఏడాది లాక్‌డౌన్ వచ్చింది. మిల్లులు మూతబడ్డాయి. బాపు ఇంట్లో గోడ చూస్తూ కూర్చునేవాడు. నేను పొద్దంతా ఫోనులో పాఠాలు చెప్పి, ఊరికి పోలేక చిక్కుకున్న మనవాళ్ళకు బియ్యం, పప్పు ఎక్కడ పంచుతున్నారో కనుక్కుని చెప్పేదాన్ని. అదే సమయంలో చేతులకు రాసుకునే మందు తయారుచేయడానికి కాలేజీవాళ్ళు ల్యాబులో డ్రమ్ముల స్పిరిట్ అడిగారు. నేను సారును అడిగాను. “ఇచ్చెయ్. మనుషులు ముందు” అన్నారు. ఆ డ్రమ్ములు మళ్ళీ ఎవరూ నింపలేదు.

సాయంత్రాలు సారు ఫోన్ చేసేవారు. ఒకరోజు, “మన గడల మీద అవి ఎట్లున్నయో” అన్నారు. నేను విసుక్కున్నాను. మనుషులు నడిచి ఊళ్ళకు పోతుంటే ఈయనకు పాచి గురించి బెంగ ఏమిటనిపించింది. ఆయన పట్టించుకోలేదు.

“కాలం బాగలేకపోతె అవి ఏం జేస్తయో ఎరుకేనా? ముందు మూతి, చేతులు కరిగిపోతయ్. కాడలోకి కలిసిపోతయ్. కాడ గూడ ఉత్త డొల్ల అయితది. కింద పాకేటి తీగల జరంత పానం దాచుకోని పడి ఉంటది. మనం సచ్చిందనుకోని గీకి పారేస్తం.”

“ఊఁ” అన్నాను. ఆ ‘ఊఁ’ ఎంత పొడిగా అన్నానో నాకు ఇప్పటికీ గుర్తుంది.

ఆ చలికాలంలో రెండుసార్లు అడిగారు. “సీసాలల్ల స్పిరిట్ తగ్గుతది బిడ్డా. జర ఒకపారి పోయి సూడు.” కాలేజీ మూసే ఉంది కానీ తాళం నా దగ్గర ఉంది. అడిగిన రెండుసార్లూ “ఎల్లుండి పోత సార్” అన్నాను. బస్సులు సరిగా లేవు, వీసా గుమాస్తాకు చెప్పినట్టు ప్రతి గేటు దగ్గరా కారణం చెప్పాలి, వచ్చాక స్నానం, బట్టలు, బాపు దగ్గు. ఇవన్నీ నిజమే. వెళ్ళి ఉండొచ్చన్నదీ నిజమే. ఒళ్ళు బరువై వెళ్ళలేదు. మూడోసారి ఆయన అడగలేదు. నా గొంతులో అలసట విని ఊరుకున్నారు. అది తలుచుకున్నప్పుడల్లా నా మీద నాకు అసహ్యం వేస్తుంది.

ఆయన పోయిన రెండు నెలలకు వానల్లో కాలేజీ తెరిచారు. ల్యాబు తలుపు తీయగానే స్పిరిట్ వాసన రాలేదు. అప్పుడే అర్థమైంది. సగానికి పైగా సీసాలు అడుగంటాయి. ‘తెల్వది’ సీసా పూర్తిగా ఎండిపోయి, పొద గాజుకు అతుక్కుని గోధుమరంగు దారంలా ఉంది. మూత తిప్పి చూస్తే చీటీ మీద సారు పెన్సిల్ రాత చెక్కుచెదరలేదు. అక్కడ, ఆ స్టూలు మీద కూర్చుని ఏడ్చాను. అప్పటికి రెండు నెలల నుంచి ఏడవాల్సిందంతా ఏడ్చాను. అటెండర్ కాకా కిటికీలు తెరిచి, చీపురు తీసుకుని బయటికి పోయాడు.

తర్వాత వారాల తరబడి ఒక్కో సీసాలో కాస్త సబ్బునీళ్ళు పోసి నానబెట్టాను. లోపలి మెత్తటి ఒళ్ళు పోయినా గిన్నెలు, గొట్టాలు మిగులుతాయి. కొన్ని దక్కాయి. ‘తెల్వది’ మాత్రం పట్టకారుతో తాకితే పొడి అయింది. ఆ సీసాలో ఇప్పుడు చీటీ ఒక్కటే ఉంది. పెద్దమ్మను చూడటానికి ఆల్థాన్ వెళ్ళి, తలుపు దగ్గరే నిలబడి ఆ సంగతి చెప్పాను. చెప్పకుండా ఉండలేకపోయాను. ఆమె లోపలికెళ్ళి నల్లతాడుతో సహా భూతద్దం తెచ్చి నా చేతిలో పెట్టింది.

“పోయింది పాయె. మల్ల తెచ్చుకో” అంది.

వానలు వెలిశాక దుమ్మస్ వెళ్ళాను. సారు లేకుండా మొదటిసారి. బురద అదే, వాసన అదే. ముసలి జాలరి నన్ను గుర్తుపట్టి అడిగాడు. “బేన్, సాహెబ్ కేమ్ నథీ ఆవ్తా?” సాహెబ్ ఎందుకు రావడం లేదని. చెప్పాను. ఆయన తలపాగా తీసి మోకాలి మీద పెట్టుకుని చాలాసేపు నీళ్ళవైపు చూశాడు. వాళ్ళింట్లోనూ ఇద్దరు పోయారట. తర్వాత గడలవైపు చేయి చూపించి తప్పు చేసినవాడిలా చెప్పాడు, రెండేళ్ళుగా వానలకు ముందు పీకలేదని. మొదటి ఏడు పోలీసులు రానివ్వలేదు, రెండో ఏడు ఇంట్లో లేవగలిగిన మనిషి లేడు. ఎక్కడివక్కడే ఉండిపోయాయి, గీకనే లేదు.

నేను బురదలో నిలబడిపోయాను. పదేళ్ళు మేము కాలాలు మార్చి మార్చి చూశాం. గడ ప్రతి ఏడూ కొత్తదవుతోందని మాత్రం చూడలేదు. మా కళ్ళ ముందే, సారు పక్కన కూర్చుని గుడ్డ పట్టుకుంటుండగానే, ఆ పాకే తీగను ప్రతి ఏడూ గీకేస్తున్నారు. మళ్ళీ మొలిచిన పొదకు పిల్లల్ని మోసే వయసు రాకముందే మళ్ళీ వానలు, మళ్ళీ కొడవలి. పాకేదాన్ని వదిలి కాడలు తెచ్చానని నన్ను బురదలోకి తరిమిన మనిషి కూడా అది పట్టుకోలేకపోయారు.

రెండు వానలు దాటిన గడ దగ్గరికి వెళ్ళి భూతద్దం పెట్టాను. పాత డొల్ల కాడల మధ్య నుంచి కొత్తవి లేచాయి. వాటి మొదట్లో, తీగను అంటుకుని, పొడుగాటి గిన్నెలు. మూతి లేదు, చేతుల్లేవు. లోపల గుండ్రటి నీడలు ఒకదాని మీద ఒకటి. లెక్కపెట్టలేదు. అంతా మసకబారింది. “సార్, ఇగో” అని పైకే అన్నాను. ముసలాయన నా వంక చూసి తల దించుకున్నాడు.

ఈసారి గడ చెక్కతో సహా తీసుకున్నాను. ముసలాయనే కోసి ఇచ్చాడు.

సముద్రపు నీళ్ళు నింపిన సీసా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. రేపు మైక్రోస్కోపు కింద పెడితే పేరు తెలుస్తుంది. తర్వాత స్పిరిట్ పోయక తప్పదు. ఈ ఒక్క సాయంత్రం బతకనిద్దామనుకున్నాను. కాళ్ళకు బురద ఎండుతోంది, మాస్కులో నా ఊపిరి నాకే వేడిగా తగులుతోంది, ఇంటికి పోయి బట్టలు నానబెట్టాలి. పక్కన కూర్చున్నావిడ సీసా చూసి ఏమిటిదని అడిగింది. మా సారుదని చెప్పాను.

బస్సు కుదిపినప్పుడల్లా అన్నీ చటుక్కున గిన్నెల్లోకి ముడుచుకుంటున్నాయి. సిగ్నల్ దగ్గర బస్సు ఆగింది. నేను మెడలోని భూతద్దం తీసి సీసాకు ఆనించాను. కాసేపు ఏమీ లేదు. తర్వాత ఒకటి బయటికి వచ్చి చేతులు చాపింది, దాని పక్కన ఇంకొకటి.